బంతియాటలో పుట్టిన తగవు

మన ధర్మశాస్త్రకారులు పదునెనిమిది వ్యవహారపదములలో వాక్పారుష్యమును, దండపారుష్యమును వేఱువేఱుగా జెప్పిరి. మొదటిది నోటితో గొట్టుట, రెండవది చేతితో గొట్టుట. రెండును ఒక్క తగవున గలిసి వచ్చినప్పుడు దోష మెవరిదను ప్రశ్న రచ్చకట్టయొద్ద గూర్చుండు పెద్దలకు క్రొత్తది కాదు. అదే ప్రశ్న లోకమంతయు జూచుచుండగా నొక బంతియాటలో బుట్టెను.

2006వ సంవత్సరము జూలై 9వ తేదీన బెర్లిను నగరమున ఇటలీ, ఫ్రాన్సు జట్లకు ప్రపంచకప్పు ఫుట్‌బాల్ తుదిపోటీ జరిగెను. ఫ్రాన్సు నాయకుడు జినెదిన్ జిదాన్. అదియే యాతని కడపటి యాట. 7వ నిమిషమున నాతడొక గోలు చేయగా, ఇటలీవాడగు మార్కో మాతెరాజ్జి 19వ నిమిషమున దానిని సరిచేసెను. అదనపు కాలమున, 110వ నిమిషమునందు, బంతి దూరముగా నుండగా వీరిద్దఱికి మాటలు పెరిగెను. ముందుకు సాగిపోవుచున్న జిదాన్ చటుక్కున మఱలి, పొట్టేలువలె తలతో మాతెరాజ్జి ఱొమ్మున గ్రుమ్మెను. ఆతడు నేలగూలెను.

రిఫరీ ఎలిజోందో దీనిని జూడలేదు. గీటు ప్రక్కనున్న సహాయకుడును జూడలేదు. నాలుగవ అధికారి తెలుపగా, రిఫరీ ఎఱ్ఱకార్డు చూపి జిదానును వెడలించెను. తిట్టినవాడు మాత్రము ఆటలో నిలిచి, పెనాల్టీలలో నొకటి తానును సాధించెను. ఇటలీ 5-3తో గెలిచెను.

జూలై 20వ తేదీన ఫిఫా క్రమశిక్షణ సంఘము తీర్పు చెప్పెను: జిదానుకు మూడాటల నిషేధము, 7,500 స్విస్ ఫ్రాంకుల జరిమానా, మాతెరాజ్జికి రెండాటలు, 5,000 ఫ్రాంకులు. తిట్టు నిజమేగాని అది జాతినిందగాదని యిద్దఱును జెప్పిరి. జిదాన్ తోబుట్టువును దూషించితినని మాతెరాజ్జి పిమ్మట నొప్పుకొనెను. ఆట మానుకొన్నవానికి నిషేధమన నూరు విడిచినవానికి వెలి వేసినట్లే గదా! అందుచేత జిదాన్ పిల్లలకొఱకు మూడు దినములు సేవ చేయుట కంగీకరించెను.

ముందుగా నిందించినవాడు నిశ్చయముగా దోషి, తిరుగబడినవాడును దోషియే, కాని మొదటివానికే దండన హెచ్చని నారదస్మృతి మతము. ఫిఫా దీనిని తలక్రిందులు చేసినదని నాకు మొదట గోపము వచ్చినది. మఱల నాలోచింపగా, మాటకు మాట, దెబ్బకు దెబ్బ యైనచోట పూర్వాపరములు చూడవచ్చునుగాని, మాటకు దెబ్బ సరితూగదని తోచెను. భేదము ఒక్క యాట మాత్రమే యగుటయు నాకు సమ్మతమే. ఏలయన, మైదానమున దప్పించుకొన్న నోటిని విచారణలోనైన విడిచిపెట్టలేదు.

మాతెరాజ్జి కూర్చుండవలసివచ్చిన రెండాటలలో నొకటి సెప్టెంబరు 6వ తేదీన పారిస్ సమీపమున మఱల ఫ్రాన్సుతోడనే జరిగెను. అందు ఇటలీ 3-1తో నోడెను.