స్క్రీన్‌పై కరెంట్ మెరుపులు.. 5 వోల్టులు చాలు! పాత మైక్రోవేవ్ జోలికి వెళ్తే ప్రాణాలకే ముప్పు

రెండు కడ్డీల మధ్య నీలిరంగు మెరుపు.. చిటపటమంటూ పైకి పాకుతుంది, మాయమవుతుంది, మళ్లీ కింద నుంచి మొదలవుతుంది. సినిమాల్లో సైంటిస్ట్ ల్యాబ్ అనగానే గుర్తొచ్చే ఈ ఎఫెక్ట్ పేరు ‘జాకబ్స్ ల్యాడర్’. 1931లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ఫ్రాంకెన్‌స్టైన్’ కోసం కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ నిజంగానే మెరుపులు చిమ్మే యంత్రాలు తయారుచేశారు. ఇప్పుడు షార్ట్ ఫిల్మ్‌కో, రీల్‌కో, స్కూల్ నాటకానికో ఆ మెరుపు కావాలంటే అంత రిస్క్ అక్కర్లేదు. ఎల్‌ఈడీ స్ట్రిప్ ఉంటే చాలు.

నిజమైన ఆర్క్ ఎందుకంత డేంజర్?

కొందరు పాత మైక్రోవేవ్ ఓవెన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ విప్పి మెరుపులు పుట్టిస్తుంటారు. ఇంట్లోకి వచ్చే కరెంట్ 230 వోల్టులైతే, దాని నుంచి వచ్చేది దాదాపు 2,000 వోల్టులు. గుండెను ఆపేందుకు అది చాలు. ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు షాక్ కొడితే ఇంట్లోని ఈఎల్‌సీబీ దాన్ని గుర్తించలేదు. ప్లగ్ తీసేసినా ఓవెన్‌లోని కెపాసిటర్‌లో ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. చెక్కపై మెరుపు డిజైన్లు కాల్చేందుకు ఇదే ట్రాన్స్‌ఫార్మర్ వాడి అమెరికాలో పలువురు చనిపోయారు. దీంతో అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్ తన కార్యక్రమాల్లో ఈ పద్ధతిని నిషేధించింది.

మరి ఎల్‌ఈడీతో ఎలా?

మెరుపును నమ్మించేది వోల్టేజ్ కాదు, దాని కదలిక. ఆర్క్ చుట్టూ వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, దాంతో పాటే మెరుపూ ఎక్కుతుంది. పైన కడ్డీల మధ్య దూరం పెరగ్గానే తెగిపోతుంది. ఎల్‌ఈడీలతో ఈ కదలికనే చూపించాలి.

ఇందుకు ఒక్కో బల్బును విడిగా కంట్రోల్ చేయగలిగే డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్, ఆర్డినో లాంటి చిన్న బోర్డు, 5 వోల్టుల అడాప్టర్ కావాలి. నాలుగైదు బల్బుల గుంపు కింది నుంచి పైకి వెళ్లేలా ప్రోగ్రామ్ చేయాలి. తెలుపులో కాస్త నీలం, ఊదా కలపాలి. వెలుగు, వేగం, మధ్యలో వచ్చే విరామం.. ప్రతిసారీ మారుతుండాలి. ఒకే లెక్కన వెలిగి ఆరితే అది సీరియల్ సెట్‌లా కనిపిస్తుంది! స్ట్రిప్‌పై బటర్ పేపర్ చుడితే బల్బుల చుక్కలు కనపడకుండా వెలుగు గీతలా మారుతుంది. చిటపట శబ్దాన్ని ఎడిటింగ్‌లో కలుపుకోవచ్చు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* కొనేటప్పుడు లేబుల్ చూడాలి. ఫాల్స్ సీలింగ్ కోసం అమ్మే కొన్ని స్ట్రిప్‌లు నేరుగా 230 వోల్టులపై పనిచేస్తాయి. వాటిని ప్రాపర్టీల్లో వాడొద్దు.

* ఒక్కో బల్బు ఫుల్ వైట్‌లో సుమారు 60 మిల్లీ ఆంప్స్ తీసుకుంటుంది. అంటే 60 బల్బులకు 3.6 ఆంప్స్. దీనికి 5 ఆంప్స్ ఇచ్చే మంచి అడాప్టర్ వాడాలి. స్ట్రిప్‌కు పవర్ బోర్డు నుంచి కాకుండా అడాప్టర్ నుంచే నేరుగా ఇవ్వాలి.

* 5 వోల్టులతో షాక్ కొట్టదు కానీ, వైర్లు షార్ట్ అయితే వేడెక్కి కాలిపోతాయి. అందుకే ఫ్యూజ్ పెట్టాలి. పేపర్, థర్మాకోల్ వైర్లకు తగలకుండా చూడాలి.

* మొబైల్‌లో షూట్ చేస్తే చారలు పడొచ్చు. షటర్ స్పీడ్ తగ్గించి ముందుగా టెస్ట్ చేసుకోవాలి.

చూసేవాళ్ల సంగతి?

వేగంగా మెరిసే వెలుగు కొందరిలో ఫిట్స్ తెప్పిస్తుంది. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో పోకెమాన్ ఎపిసోడ్‌లోని ఎరుపు, నీలం మెరుపుల సీన్ చూసి వందల మంది పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. అందుకే సెకనుకు మూడుకు మించి ఫ్లాష్‌లు రాకుండా చూడాలి. మెరుపును పూర్తిగా ఆర్పి వెలిగించే బదులు, వెలుగును కొద్దికొద్దిగా పెంచి తగ్గిస్తే కంటికి ఇబ్బంది తగ్గుతుంది. అయినా వీడియో మొదట్లో ఒక హెచ్చరిక వేయడం మంచిది.