ఒక మెట్టు పైనున్న అన్నయ్య

చదరంగం అనగానే ఈమధ్య మన తెలుగువాళ్ల ముఖాలు వెలిగిపోతున్నాయి. వెలగవూ మరి! 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన భారత ఓపెన్ జట్టులో ఐదుగురుంటే ముగ్గురు మనవాళ్లే. గుంటూరు హరికృష్ణ, వరంగల్ అర్జున్, చెన్నైలో తెలుగువారింట పుట్టిన గుకేశ్. మహిళల జట్టుకీ స్వర్ణమే, అందులో మన ద్రోణవల్లి హారిక ఉంది. ఆపైన డిసెంబరు 12న గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. అదీ ఎక్కడో కాదు, మాకు ఒక రాత్రి బస్సు ప్రయాణమంత దూరంలో ఉన్న సింగపూర్‌లో!

ఆ వార్తతో మా సుంగై సిపుట్ పిల్లలకి చదరంగం పిచ్చి పట్టుకుంది. పిచ్చి పట్టడం తేలికే... నేర్పేవాళ్లేరీ?

కౌలాలంపూర్‌లో ఉండే పాఠకుల కోసం మా ఊరి గురించి రెండు ముక్కలు. పేరాక్ రాష్ట్రంలో ఇపో నుంచి కువాలా కాంగ్సార్ వెళ్లే దారిలో ఉంటుంది. పేరుకి అర్థం నత్తల ఏరు. మలేషియా స్వాతంత్ర్య సమరంలో భారతీయుల తరఫున నిలిచిన తున్ సంబంధన్ గారు పుట్టిన ఊరు ఇదే. మాకు తెలిసిన తెలుగు కుటుంబాలు పట్టుమని పది ఉండవు. చదరంగం కోచ్ కోసం వాకబు చేస్తే దొరికినవాళ్లంతా ఇపోలోనే ఉన్నారు. వారానికి రెండుసార్లు పిల్లల్ని కారులో దింపి, తీసుకురావడం ఎంతమందికి కుదురుతుంది చెప్పండి?

అప్పుడు ముందుకొచ్చాడు మా పక్కింటి అబ్బాయి. ఫారం 4 చదువుతున్నాడు. పెద్ద ఛాంపియనేమీ కాదు, స్కూలు పోటీల్లో ఆడతాడు, అంతే. "ఆంటీ, మీ హాల్లో చోటిస్తే శనివారం సాయంత్రాలు నేను నేర్పుతా" అన్నాడు. మొదటి వారం నలుగురొచ్చారు, మూడో వారానికి తొమ్మిదిమంది. మన పిల్లలతో పాటు తమిళ పిల్లలు, వీధి చివరి మలయ్ కుటుంబంలోని అన్నాచెల్లెళ్లు కూడా. అందరూ అతన్ని 'అన్నా' అనే పిలుస్తారు, మలయ్ పిల్లలతో సహా!

మొదటి గొడవ పేర్ల దగ్గరే వచ్చింది. మలయ్‌లో చదరంగాన్ని 'చాతుర్' అంటారు. మన చతురంగమే మరి. మంత్రిని 'మెంతెరి' అంటారు, అదీ మనదే. అయితే మనకి ఏనుగు మూల గడిలో ఉంటే, వాళ్ల 'గాజా' ఒంటె ఉండాల్సిన చోట ఉంటుంది. "ఏనుగు అడ్డంగా నడవదు, తిన్నగా నడుస్తుంది" అని మా చిన్నది, "గాజా ఐమూలగానే వెళ్తుంది" అని ఆ పిల్లాడు. ఏనుగు ఎటు నడవాలన్న తగాదా అరగంట సాగింది. చివరికి అన్న వచ్చి, ఈ ఇంట్లో రెండు రకాల ఏనుగులూ ఉంటాయని తీర్పు చెప్పాడు.

వంటింట్లోంచి అతను నేర్పే పద్ధతి గమనిస్తూ ఉంటాను. పిల్లాడు తప్పు ఎత్తు వేస్తే మనమైతే వెంటనే "అది కాదురా" అంటాం. అతను అనడు. "అవతలివాడు ఇప్పుడా గుర్రాన్ని అక్కడెందుకు పెట్టాడో చెప్పు, ఆ తర్వాతే పావు ముట్టుకో" అంటాడు. తొందరపడేవాళ్లని చేతులు తొడల కింద పెట్టుకొని కూర్చోమంటాడు. రెండేళ్ల క్రితం తనూ ఇలాగే మంత్రిని ముందే బయటికి తెచ్చి పోగొట్టుకునేవాడట, ఆ సంగతి వాళ్లకి నవ్వుతూ చెప్తాడు. ఆ కష్టం అతనికి ఇంకా గుర్తుంది. పెద్ద ఆటగాళ్లు చాలామందికి అది గుర్తుండదని నా అభిప్రాయం.

అంతా బాగానే ఉందనుకుంటుంటే ఒకరోజు వాళ్లమ్మ వచ్చి కూర్చుంది. "వదినా, వచ్చే ఏడు వీడికి ఎస్‌పీఎం. సరే, చదువు సంగతి అలా ఉంచు. ఎప్పుడూ చిన్నపిల్లలతో ఆడుతుంటే వీడి ఆటేం పెరుగుతుంది? ఈ క్లాసు మాన్పించేద్దామనుకుంటున్నా" అంది. తల్లిగా ఆవిడ అడిగినదాంట్లో తప్పు లేదు. ఒక్క వారం గడువడిగి, ఇలా నేర్పినవాళ్లు ఏమయ్యారో చదవడం మొదలుపెట్టాను.

ముందు దొరికినవాడు మారిస్ యాష్లీ. జమైకాలో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన నల్లజాతి యువకుడు. హార్లెమ్‌లోని ఒక ప్రభుత్వ పాఠశాల పిల్లలకి చదరంగం నేర్పాడు. 'రేజింగ్ రూక్స్' అని పేరు పెట్టుకున్న ఆ జట్టు 1991లో జాతీయ జూనియర్ హైస్కూల్ పోటీ గెలిచింది. అప్పటికి యాష్లీ గ్రాండ్‌మాస్టర్ కాదు. ఎనిమిదేళ్ల తర్వాత, 1999లో ఆ హోదా అందుకున్నాడు. నల్లజాతివారిలో మొట్టమొదటి గ్రాండ్‌మాస్టర్ ఆయనే!

రెండోవాడు నైజీరియా కుర్రాడు తుండే ఒనకోయా. ఇతని కథ చదువుతుంటే నా కళ్లు చెమర్చాయి. 1994లో పుట్టాడు. లాగోస్ శివారు ఇకొరొడులో పేదరికంలో పెరిగాడు. చదరంగం నేర్చుకున్నది ఒక మంగలి షాపులో. ఫీజు కట్టే స్తోమత లేక, వాళ్లమ్మ స్కూల్లో ఊడ్చి తుడిచే పని చేస్తానని ఒప్పుకుని కొడుకుని చదివించింది. అతను 2018లో 'చెస్ ఇన్ స్లమ్స్ ఆఫ్రికా' సంస్థ పెట్టి మురికివాడల పిల్లలకి నేర్పడం మొదలుపెట్టాడు. నీళ్ల మీద కర్రలపై నిలిచిన ఇళ్ల వాడ మకోకోలో, ఒషోడి వంతెన కింద బతికే పిల్లల మధ్య బోర్డులు పరిచాడు. తుండే గ్రాండ్‌మాస్టర్ కాదు. కానీ 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఆ పిల్లల చదువుకి డబ్బు పోగుచేయడానికి 60 గంటలు ఏకబిగిన ఆడాడు. ఎదురుగా కూర్చుని అన్ని గంటలూ ఆడిన అమెరికన్ ఆటగాడు షాన్ మార్టినెజ్‌ని కూడా మెచ్చుకోవాలి. 2025లో ఇద్దరూ మళ్లీ కూర్చుని 64 గంటలకి లాగారు.

మూడోది మన ఇంటి కథే. హరికృష్ణ 2001లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2004లో ప్రపంచ జూనియర్ విజేత. ఒకప్పుడు ప్రపంచంలో తొలి పదిమందిలో నిలిచాడు. అటువంటివాడు 2024 చివర్లో తనకంటే 20 ఏళ్లు చిన్నవాడైన గుకేశ్ కోసం తెర వెనక కూర్చుని ఎత్తులు సిద్ధం చేశాడు. పోటీ నడిచినంతకాలం ఆ సంగతి బయటికి రానివ్వలేదు. గెలిచాక గుకేశ్ చెబితేనే తెలిసింది.

వారం తర్వాత ఈ మూడూ వాళ్లమ్మకి చెప్పాను. తుండే తల్లి సంగతి విని కాసేపు ఊరుకుంది. తర్వాత, "ఆ హార్లెమ్ ఆయన చివరిదాకా నేర్పుతూనే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడా?" అని అడిగింది. గట్టి మనిషి! లేదు, 1997లో నేర్పడం పక్కనపెట్టి సొంత ఆట మీద కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. "చూశావా మరి!" అంది.

మాకు తోచనిది ఆ అబ్బాయికి తోచింది. తొమ్మిదిమందినీ తను చూడడం మానేశాడు. బాగా ఆడుతున్న ముగ్గురికి మాత్రం గంటసేపు నేర్పుతాడు. ఆ ముగ్గురూ మరుసటి గంట చిన్నవాళ్లకి నేర్పుతారు. ఆ గంటలో అతను మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని గణితం చేసుకుంటాడు. వాళ్లమ్మ దీనికి ఒప్పుకుంది, ఒక షరతు మీద: పరీక్షల ముందు 3 నెలలు పూర్తిగా సెలవు.

ఆ ముగ్గురిలో 11 ఏళ్ల అమ్మాయి ఒకర్తి ఉంది. మొన్నటిదాకా ఓడిపోతే ఏడ్చి బోర్డు మూసేసేది. పోయిన శనివారం ఒక బుడ్డోడు ఓడి పెదవి విరిస్తే, "నీ గుర్రం ఇక్కడ ఉండగా ఏం చేయచ్చో చూడు" అని పావులన్నీ వెనక్కి పేర్చి కూర్చుంది. వాడికి అర్థమయ్యేసరికి ఏడున్నరయింది, వాడి నాన్న బయట హారన్ కొడుతూనే ఉన్నాడు.

ప్రస్తుతం మా దగ్గర బోర్డులు 5 ఉన్నాయి. గడియారం ఒక్కటే. అది పెద్ద గురువుకి ఉండాలా, చిన్న గురువులకి ఉండాలా అన్నది ఇంకా తేలలేదు. మీ ఇంట్లో వాడని చదరంగం గడియారం ఉంటే, ఈసారి ఉగాది వేడుకలకి వచ్చేటప్పుడు తీసుకురండి.