చేయి సోకని మీట

విద్యార్థులారా! గోడకు బిగించిన మీటను నొక్కగానే దీపము వెలుగుట మనకు నిత్యానుభవము. నేడు కొన్ని గృహములలో మీటకడకు పోకుండగనే, సెల్‌ఫోనుతోనో నోటిమాటతోనో దీపమును వెలిగించుచున్నారు. ఇది ఇంద్రజాలము కాదు. గోడలోని పెట్టెలో అమర్చిన యొక చిన్న పలక ఈ పనిని చేయుచున్నది. ఆ పలకకు గుండెకాయ వంటి పరికరము పేరు రిలే. ఇట్టి పలకలను స్వయముగా నిర్మించుకొను ఉత్సాహవంతులును కలరు. దాని నిర్మాణ రహస్యమును తెలిసికొన్నచో విజ్ఞానమే కాక, ప్రాణరక్షణకు వలసిన వివేకము కూడ మీ కలవడును.

మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. అది సెకనునకు 50 ఆవృత్తములు చేయు ఏకాంతర ప్రవాహము. ప్రతి యావృత్తమునందును అది రెండుమారులు సుమారు 325 వోల్టుల శిఖరము నందుకొనును. సెల్‌ఫోను ఆజ్ఞను గ్రహించు మైక్రోకంట్రోలరు అను చిన్న యంత్రమో, 3.3 వోల్టులతో పని చేయునది. అది తన కొసనుండి కొద్ది మిల్లీ ఆంపియరులను మాత్రమే ఈయగలదు. ఏనుగునకును చీమకును ఉన్నంత భేదము ఈ రెంటికిని కలదు. చీమ ఏనుగును నడిపింపవలెను. కాని దాని పాదము క్రింద పడరాదు. ఇదియే సమస్య.

ఈ సమస్యకు పరిష్కారము చాల కాలము క్రిందటనే లభించినది. అమెరికాలోని ప్రిన్‌స్టన్ నగరమున ఆచార్యుడుగా నుండిన జోసెఫ్ హెన్రీ 1835 ప్రాంతమున, బలహీనమైన విద్యుత్ప్రవాహముచే బలమైన వేరొక వలయమును నడిపించి చూపెను. పిమ్మట తంతివార్తలకు ఈ సూత్రము మిక్కిలి తోడ్పడెను. దూరము పోయినకొలది తీగలోని ప్రవాహము క్షీణించును. అలసిన గుఱ్ఱమును విడిచి మజిలీలో క్రొత్త గుఱ్ఱము నెక్కినట్లు, క్షీణించిన సంకేతము క్రొత్త బ్యాటరీని పని చేయించి ముందునకు సాగును. మజిలీ గుఱ్ఱములకు గల పేరే ఈ పరికరమునకును వచ్చినది.

రిలే లోపల నేమున్నదో చూతము. ఇనుపకడ్డీచుట్టు సన్నని రాగితీగ చుట్టబడి యుండును. ఆ తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు కడ్డీ అయస్కాంతమై, ఎదుటనున్న ఇనుపరేకును తనవైపునకు లాగుకొనును. రేకు కదలగానే దానితో కూడిన కొస యొక స్పర్శస్థానమును విడిచి మఱియొకదానిని తాకును. మనకు వినబడు 'టిక్కు' అను చప్పుడు ఇదియే. ప్రవాహ మాగగానే స్ప్రింగు రేకును యథాస్థానమునకు చేర్చును.

5 వోల్టుల రిలే తీగచుట్టకు సాధారణముగా సుమారు 70 మిల్లీ ఆంపియరులు కావలెను. మైక్రోకంట్రోలరు అంత ఈయలేదు. కావున నడుమ ట్రాన్సిస్టరును మావటివానివలె నిలుపుదురు. ప్రవాహమును హఠాత్తుగా ఆపినపుడు తీగచుట్టలోని అయస్కాంత క్షేత్రము కూలిపోవుచు ప్రతికూలమైన అధిక వోల్టేజిని పుట్టించును. దానిచే ట్రాన్సిస్టరు చెడకుండ, తీగచుట్టకు అడ్డముగా నొక డయోడును పెట్టుదురు. ఆ ప్రవాహము డయోడు గుండ తిరిగి తిరిగి శాంతించును.

ఇందు మిక్కిలి ముఖ్యమైన విషయ మొకటి కలదు. తీగచుట్టకును 230 వోల్టుల స్పర్శస్థానములకును నడుమ లోహసంబంధ మేమియు లేదు. అయస్కాంతశక్తి మాత్రమే ఆ యెడమును దాటును. పలకపై కూడ ఈ యెడము నట్లే కాపాడవలెను. అల్ప వోల్టేజి రాగిబాటలకును ఇంటి విద్యుత్తు బాటలకును నడుమ 6 మొదలు 8 మిల్లీమీటర్ల దూరము నుంచుట మంచి నిర్మాతల యాచారము. ధూళియు, వానకాలపు చెమ్మయు కలిసి పలకమీద విద్యుత్తునకు దొంగదారి నేర్పరచును. అందుచే ఆ యెడమున పలకను చీల్చి సందు కూడ పెట్టుదురు.

పలకకు వలసిన 5 వోల్టులను ఇంటి విద్యుత్తునుండియే పొందవలెను. ఇందులకు ట్రాన్స్‌ఫార్మరు గల చిన్న సాధనము యోగ్యమైనది. కొందఱు పొదుపు కోరి కెపాసిటరుతోనే వోల్టేజిని తగ్గింతురు. అట్లు చేసినచో పలక యంతయు ఫేజు తీగతో సంబంధము కలిగి యుండును. అది చూచుటకు 5 వోల్టుల పలకయే. వ్రేలు తగిలినచో మృత్యువు. ఇంటిలో 30 మిల్లీ ఆంపియరుల లీకును కనిపెట్టి ప్రవాహమును త్రుంచు సాధన మున్నను, ఒక చేత ఫేజును మఱియొక చేత న్యూట్రలును పట్టిన వానిని అది కాపాడలేదు.

రిలేపై 10 ఆంపియరులు అని వ్రాసియున్నంత మాత్రమున పలక యంత భారమును మోయునని తలపరాదు. పలకపై రాగిపొర మందము సామాన్యముగా 35 మైక్రోమీటర్లే. బాట ఇరుకైనచో వేడెక్కును. ప్రవాహము రెండింతలైనచో పుట్టు వేడి నాలుగింతలగును. కనుక బాటను వెడల్పు చేసి, తగిన ఫ్యూజును ముందుంచవలెను. ఎల్.ఇ.డి. దీపములు వెలుగు తొలిక్షణమున, వానిలోని కెపాసిటర్లు నిండుటకై, ఎన్నో రెట్లు ప్రవాహమును లాగుకొనును. అపుడు రిలే స్పర్శస్థానము లొకదానికొకటి అతుకుకొనిపోవచ్చును. అట్లయినచో ఫోనులో ఆర్పినను దీప మారదు.

మఱి గృహములోని వృద్ధురాలు రాత్రివేళ దీపము వేసికొనవలసినపుడు అంతర్జాలము లేకున్న నేమి గతి? దీనికి మెట్లదారి దీపము మార్గము చూపును. క్రింద నొక మీట, మీద నొక మీట. ఏది త్రిప్పినను దీపము మారును. ఆ రెండింటిలో నొకదానికి బదులు రిలేను నిలిపినచో, ఫోనుతోను గోడమీటతోను దీపమును నడుపవచ్చును. పలక చెడి రిలే కదలక నిలిచినను, గోడమీట తనపని తాను చేయుచునే యుండును. క్రొత్త సౌకర్యము పాత సౌకర్యమును హరింపరాదు.

రిలేను ఎల్లప్పుడు ఫేజు తీగలోనే ఉంచవలెను. న్యూట్రలులో ఉంచినచో, దీప మారినను బల్బు హోల్డరులో విద్యుత్తు పొంచి యుండును. సరిగా నమర్చినను, ఫోనులో 'ఆరినది' అని చూపినంత మాత్రమున తీగ నిర్జీవమని నమ్మి బల్బు మార్చుటకు పూనుకొనరాదు. ఇంటిలో నింకెవరో, ఎంతో దూరమునుండి, ఆ క్షణముననే ఫోనులో వ్రేలు పెట్టవచ్చును. మెయిను స్విచ్చిని కట్టివేసిన పిమ్మటనే చేయి పెట్టవలెను.

బాలబాలికలారా! మీరీ విద్యను నేర్వవలసినదే. 5 వోల్టుల రిలే, ఒక బ్యాటరీ, ఒక చిన్న టార్చి బల్బు తెచ్చుకొని ఉపాధ్యాయుని సమక్షమున ప్రయోగము చేయుడు. 'టిక్కు' అను చప్పుడు విని, బల్బు వెలుగుట చూచి, ఎందుచేత వెలిగెనో వ్రాసికొనుడు. సూత్రము అక్కడనే సంపూర్ణముగా బోధపడును. ఇంటి విద్యుత్తు పనిని మాత్రము లైసెన్సు గల ఎలక్ట్రీషియనునకు విడువుడు. మావటివాడు మొదట ఏనుగు స్వభావమును నేర్చి, పిమ్మట అంకుశము పట్టును. మీకును అదియే క్రమము.