రెండక్షరాలు కొడితే చాలు!

“చీర ఎంత?” “బ్లౌజు ముక్క ఉందా?” “కొరియరుకు ఎన్నాళ్లు పడుతుంది?”

ఎమ్మిగనూరులో ఇంటినుంచే చేనేత చీరలమ్మే మా పిన్ని కూతురికి పొద్దున లేచింది మొదలు ఇవే ప్రశ్నలు. అడిగేవాళ్లు వేరు, జవాబు మాత్రం ఒక్కటే. “చెప్పీ చెప్పీ కాదక్కా, కొట్టీ కొట్టీ వేళ్లు నొస్తాండాయి” అంది మొన్న పండక్కి వచ్చినప్పుడు. పొయ్యి మీద పాలు పెట్టి, ఫోను పట్టుకుని ఒకే జవాబును పదిమందికి కొడుతుంటే పాలు పొంగక ఏం చేస్తాయి?

దీనికి మందు ఆ ఫోనులోనే ఉంది. చిన్న వ్యాపారుల కోసం 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో ‘క్విక్ రిప్లైస్’ అని ఒకటుంది. జవాబును ఒక్కసారి తీరిగ్గా రాసి, చిన్న పేరు పెట్టి దాచుకోవాలి. ఆ తర్వాత ఏటవాలు గీత కొడితే దాచుకున్నవి కనిపిస్తాయి. కావలసినదాన్ని తాకితే జవాబంతా వచ్చి కూర్చుంటుంది.

వ్యాపారం లేనివాళ్లకూ దారి ఉంది. జీబోర్డు సెట్టింగుల్లో డిక్షనరీ, అందులో పర్సనల్ డిక్షనరీ తెరవండి. భాష ఎంచుకుని ప్లస్ గుర్తు నొక్కితే రెండు గళ్లు వస్తాయి. ఒకదాంట్లో పూర్తి మాట, రెండోదాంట్లో పొట్టి రూపం. ‘చిచి’ అని కొడితే మీ చిరునామా కీబోర్డు పైవరసలో కనపడుతుంది. ఐఫోనులో అయితే సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్, టెక్స్ట్ రీప్లేస్‌మెంట్. కంప్యూటరులో వర్డ్ వాడేవారు వాక్యాన్ని ఎంచుకుని ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి పేరు పెట్టుకోవచ్చు. తర్వాత ఆ పేరు కొట్టి ఎఫ్3 నొక్కితే సరి. అయితే ‘పాలు’ లాంటి రోజువారీ మాటను పొట్టి రూపంగా పెట్టుకోకండి. పాలవాడికి రాసే కబురులో మీ చిరునామా వెళ్లిపోగలదు!

ఇదేదో కొత్త వింత అనుకుంటున్నారా? మన అమ్మమ్మలు ఉత్తరాల్లో ‘ఉభయకుశలోపరి’ అన్న ఒక్క మాటతో ఇక్కడి క్షేమం, అక్కడి క్షేమం రెండూ కానిచ్చేసేవారు. శుభాకాంక్షల టెలిగ్రాములకు ఫారం మీద ఒక అంకె వేస్తే చాలు, అవతలివారికి వాక్యం మొత్తం అందేది. 2013 జులైలో టెలిగ్రాముతోపాటు ఆ అంకెలూ పోయాయి. శుభలేఖల మీద ‘చి.ల.సౌ.’ ఇంకా ఉంది. భర్త పోయినామె పేరు ముందు ‘గం.భా.స.’ అని రాసే రోజులూ ఉండేవి. అన్ని పొట్టి మాటలూ పోయాయని బాధపడనక్కర్లేదు లెండి.

సరే, మా చెల్లెలి సంగతి. జవాబులో ధర కూడా రాసి దాచుకుంది. నూలు ధర పెరిగి చీర రేటు మారింది గానీ, దాచిన జవాబు మారలేదు. ఆరుగురికి పాత ధర వెళ్లిపోయింది. మాట పోతే బేరం పోతుందని ఆ ధరకే ఇచ్చింది. ఆ నెల మిగిలిందేమీ లేదు.

చేత్తో కొట్టినప్పుడు తప్పు ఒక్కచోటే పడుతుంది. దాచిన మాటలో ఉంటే వందచోట్లకు పాకుతుంది. అర్జీలు, దస్తావేజులు టైపు చేసే అమ్మాయిలు దీన్ని మరీ గమనించాలి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల, ఆళ్లగడ్డ, డోన్ కర్నూలు జిల్లా నుంచి కొత్త నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. కడప జిల్లా 2010లో వైఎస్సార్ జిల్లా అయి, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అయింది. పాత పేరు దాచుకుని మరిచిపోతే అర్జీ మీద అర్జీ తప్పుగానే పడుతుంది. మారని మాటలే దాచుకోండి. ధర, తేదీ, సర్వే నంబరు, హద్దులు ప్రతిసారీ చేత్తోనే కొట్టండి. ఏటీఎం పిన్ను, పాస్‌వర్డు, ఆధార్ నంబరు ఇందులో అసలు పెట్టొద్దు. ఇంట్లో ఒకే ఫోను పిల్లలూ పక్కింటివాళ్లూ పట్టుకుంటుంటారు కదా!

ఇప్పుడు మా చెల్లెలి జవాబుల్లో ధర లేదు. “రంగు పోతుందా?” అన్నవాళ్లకు మాత్రం చీర చేతిలోకి తీసుకుని, చూసి, తనే కొడుతుంది. “ఒక్కో రంగు ఒక్కో తీరు. అన్నిటికీ ఒకే జవాబు ఎట్ల చెప్తానక్కా?” అంటుంది.