పాఠం 14: వెనిస్ నగరంలో తక్కువ ఖర్చుతో బస

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- వెనిస్ నగరం ఎలా ఉంటుందో, అక్కడ బస ఖర్చు ఎందుకు ఎక్కువో చెప్పగలుగుతారు.
- గది అద్దెకూ, బసకయ్యే మొత్తం ఖర్చుకూ తేడా గుర్తించగలుగుతారు.
- రెండు మూడు చోట్ల గదులను లెక్కగట్టి పోల్చి, మీకు తగినదాన్ని ఎంచుకోగలుగుతారు.
- గది ఖాయం చేసే ముందు ఏమేమి అడిగి తెలుసుకోవాలో జాబితా రాసుకోగలుగుతారు.

పరిచయం

కాకతీయుల కాలంలో మోటుపల్లి పెద్ద రేవు పట్టణం అని మీరు చరిత్ర పాఠాల్లో చదివే ఉంటారు. ఆ ప్రాంతాన్ని గురించి, అక్కడ పరిపాలిస్తున్న ఒక రాణిని గురించి 13వ శతాబ్దం చివరలో రాసిన యాత్రికుడు మార్కో పోలో. ఆయన సొంత ఊరు ఇటలీలోని వెనిస్. ఆనాడు అక్కడివారు మన తీరానికి వచ్చారు. ఈనాడు మనవారు అక్కడికి వెళ్తున్నారు. మీ ఇంట్లో ఎవరైనా యూరప్‌లో చదువుకుంటూ ఉండవచ్చు, లేదా ఉద్యోగం చేస్తూ ఉండవచ్చు. వారిని చూడటానికి వెళ్లినప్పుడు ఈ నగరాన్ని కూడా చూడాలని మీకు అనిపించవచ్చు.

అలాంటి ప్రయాణానికి చాలామంది ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బు ఖర్చు పెడతారు. అందులో బసకయ్యేది పెద్ద భాగం. ముందుగా లెక్క వేసుకోకపోతే మూడు రోజుల డబ్బు రెండు రోజులకే అయిపోతుంది. అందుకే ఈ పాఠంలో వెనిస్‌ను ఉదాహరణగా తీసుకుని, లెక్క వేసే పద్ధతిని నేర్చుకుందాం.

14.1 నగర స్వరూపం

వెనిస్ ఒక ఉప్పునీటి కయ్యలో, వందకు పైగా చిన్న చిన్న దీవుల మీద కట్టిన నగరం. దీవులను కలుపుతూ నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి. 1846లో రైలు వంతెన, 1933లో రోడ్డు వంతెన నగరాన్ని ప్రధాన భూభాగంతో కలిపాయి. అయినా రోడ్డు నగరం అంచున ఉన్న పియాత్సాలె రోమా అనే కూడలి దగ్గరే ఆగిపోతుంది. రైలు సాంతా లూచియా స్టేషను దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి లోపలికి కారు లేదు, ఆటో లేదు, సైకిలు కూడా లేదు. నడవాలి, లేదా పడవ ఎక్కాలి.

మన ఊళ్లో సిటీ బస్సు ఎలాగో, అక్కడ వాపొరెట్టో అనే మరపడవ అలాగ. దీని టికెట్టు ఖరీదైనది. 2025లో 75 నిమిషాల టికెట్టు తొమ్మిదిన్నర యూరోలు, 24 గంటల టికెట్టు 25 యూరోలు, 72 గంటల టికెట్టు 45 యూరోలు. నడక మాత్రం ఉచితం. స్టేషను నుంచి ప్రసిద్ధమైన సాన్ మార్కో కూడలికి సుమారు అరగంట నుంచి ముప్పావుగంట నడక.

వంతెనల్లో చాలావాటికి మెట్లుంటాయి. చక్రాల పెట్టెను ప్రతి వంతెన దగ్గరా చేత్తో ఎత్తి దింపుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితో వెళ్తున్నట్లయితే ఈ ఒక్క విషయమే మీ గది ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తుంది.

14.2 ఎప్పుడు వెళ్లాలి?

ఒకే గదికి ఒక్కో కాలంలో ఒక్కో ధర ఉంటుంది. లెంట్ ఉపవాస దినాలకు ముందు వచ్చే కార్నివాల్ రోజుల్లో, వేసవిలో, ఆగస్టు చివర మొదలయ్యే చలనచిత్రోత్సవం రోజుల్లో, క్రిస్మస్, కొత్త సంవత్సరం సమయంలో అద్దెలు బాగా పెరుగుతాయి. నవంబరు నెలలోను, జనవరి రెండో వారం నుంచి కార్నివాల్ మొదలయ్యే దాకాను సాధారణంగా తగ్గుతాయి. శని, ఆదివారాల కంటే వారం మధ్యలో గదులు చవక.

అయితే చవక కాలానికి దాని ఇబ్బంది దానికుంది. శరత్కాలంలో, చలికాలంలో సముద్రపు పోటు ఎక్కువై పల్లపు వీధుల్లోకి నీరు వస్తుంది. 1966 నవంబరు 4న నీటిమట్టం 194 సెంటీమీటర్లకు, 2019 నవంబరు 12న 187 సెంటీమీటర్లకు చేరింది. 2020 అక్టోబరు నుంచి మోసె అనే కదిలే అడ్డుగోడలు పెద్ద పోటు వచ్చినప్పుడు పైకి లేచి సముద్రాన్ని ఆపుతున్నాయి. కనుక ఇప్పుడు భయం తగ్గింది. చలి మాత్రం ఉంటుంది. దళసరి బట్టలు, తడిని తట్టుకునే చెప్పులు కావాలి.

14.3 ఎక్కడ దిగాలి?

తక్కువ ఖర్చుతో దిగాలనుకునేవారికి ముఖ్యంగా మూడు మార్గాలున్నాయి.

మొదటిది, మెస్ట్రే. ఇది ప్రధాన భూభాగం మీద ఉన్న ఊరు. రైల్లో పది పన్నెండు నిమిషాల్లో వెనిస్ చేరవచ్చు. టికెట్టు సుమారు ఒకటిన్నర యూరో. అద్దెలు తక్కువ, వీధులు మామూలు వీధులు, పెట్టెను సులువుగా లాక్కుపోవచ్చు.

రెండవది, పాత నగరంలోనే స్టేషనుకు దగ్గరగా ఉన్న కన్నరేజో ప్రాంతం. సాన్ మార్కో చుట్టుపక్కల కంటే ఇక్కడ అద్దెలు సాధారణంగా తక్కువ. స్టేషను నుంచి నడిచి వెళ్లవచ్చు.

మూడవది, లీడో దీవి. సముద్రపు ఒడ్డున ప్రశాంతంగా ఉంటుంది. కాని అక్కడి నుంచి పాత నగరానికి రావాలంటే ప్రతిసారీ పడవ ఎక్కక తప్పదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇద్దరు మనుషులు మూడు రాత్రులు ఉంటారనుకోండి. గది అద్దె రోజుకు మెస్ట్రేలో 80, లీడోలో 90, కన్నరేజోలో 110 యూరోలు అనుకుందాం. (ఈ అద్దెలు లెక్క కోసం ఊహించినవి. మీరు వెళ్లేనాటి ధరలు చూసుకుని వేసుకోవాలి.)

మెస్ట్రే: అద్దె 80 × 3 = 240. ఇద్దరికి మూడుసార్లు రానుపోను రైలు 2 × 6 × 1.50 = 18. మొత్తం 258 యూరోలు.

లీడో: అద్దె 90 × 3 = 270. ఇద్దరికి 72 గంటల పడవ టికెట్లు 2 × 45 = 90. మొత్తం 360 యూరోలు.

కన్నరేజో: అద్దె 110 × 3 = 330. నడకే కనుక ప్రయాణ ఖర్చు లేదు. మొత్తం 330 యూరోలు.

గమనించారా? రోజుకు 90 యూరోల గది చివరకు 110 యూరోల గది కంటే ఎక్కువ ఖర్చు తెచ్చింది. ప్రకటనలో కనిపించేది గది అద్దె మాత్రమే. మన జేబులోంచి పోయేది మొత్తం ఖర్చు. ఈ రెండింటి తేడా తెలుసుకోవడమే ఈ పాఠంలో ముఖ్య విషయం.

ఇక మెస్ట్రే, కన్నరేజోల మధ్య తేడా 72 యూరోలు. ఇది చిన్న మొత్తం కాదు. దానికి బదులుగా ఏమి పోతుందో కూడా చూడాలి. నడక, రైలు కోసం ఎదురుచూపు కలిపి ఒక్కో వైపు అరగంట అనుకున్నా, ఆరు ప్రయాణాలకు మూడు గంటలు. మధ్యాహ్నం అలసిపోతే గదికి వెళ్లి కాసేపు నడుం వాల్చడం కుదరదు. పగటి జనం వెళ్లిపోయాక రాత్రిపూట, తెల్లవారుజామున నిశ్శబ్దంగా ఉండే నగరాన్ని చూసే వీలు తగ్గుతుంది. కుర్రవాళ్లకు 72 యూరోలు మిగలడమే మేలు కావచ్చు. తల్లిదండ్రులతో వెళ్లేవారికి గది దగ్గరగా ఉండటమే మేలు కావచ్చు. ఇందులో అందరికీ సరిపోయే జవాబు లేదు.

పాఠ్యగత ప్రశ్న

1. పై ముగ్గురూ ఒక రోజు మురానో, బురానో దీవులు కూడా చూడాలనుకున్నారు. మెస్ట్రేలో, కన్నరేజోలో దిగినవారు ఆ రోజుకు ఇద్దరికీ 24 గంటల పడవ టికెట్లు కొనాలి. లీడోలో దిగినవారి దగ్గర టికెట్లు ఇప్పటికే ఉన్నాయి. ఇప్పుడు మూడు చోట్ల మొత్తం ఖర్చు ఎంతెంత? వరుస ఎలా మారింది? లెక్క వేసి, పాఠం చివర ఉన్న జవాబుతో సరిచూసుకోండి.

14.4 అద్దెలో కనిపించని ఖర్చులు

బస పన్ను: నగరపాలక సంస్థ ప్రతి మనిషికీ, ప్రతి రాత్రికీ పన్ను వసూలు చేస్తుంది. హోటలు స్థాయిని, కాలాన్ని బట్టి ఇది మారుతుంది. వరుసగా ఉన్న మొదటి అయిదు రాత్రులకే వర్తిస్తుంది. పదేళ్లలోపు పిల్లలకు లేదు. తరచు ఇది అద్దెలో కలిసి ఉండదు, హోటల్లో విడిగా కట్టాలి.

ప్రవేశ రుసుము: ఒక్క పగటికి వచ్చి పోయేవారి మీద 2024లో రద్దీ రోజుల్లో 5 యూరోల రుసుము పెట్టారు. 2025లో దీన్ని 54 రోజులకు పెంచి, ఆలస్యంగా కట్టేవారికి 10 యూరోలు చేశారు. వెనిస్ నగరపాలక పరిధిలో రాత్రి బస చేసేవారు ఇది కట్టనక్కరలేదు. మెస్ట్రే, లీడో కూడా ఆ పరిధిలోవే. అయితే రుసుము ఉన్న రోజుల్లో ముందుగా ఇంటర్నెట్‌లో వివరాలు నమోదు చేసి మినహాయింపు పత్రం తీసుకోవాలి. మరింత చవక అని పాదువా వంటి వేరే ఊళ్లో దిగినవారు మాత్రం రుసుము కట్టాలి.

భోజనం: చాలా భోజనశాలల్లో బల్ల దగ్గర కూర్చున్నందుకు మనిషికి ఇంత అని కోపెర్తో అనే రుసుము ఉంటుంది. ధరల పట్టికలో ఇది రాసి ఉంటుంది, చూసుకోండి. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుని తాగితే ఇంకొక ధర. నీళ్ల సీసాలు కొననక్కరలేదు. నగరమంతా వీధి కుళాయిల్లో తాగే నీరు వస్తుంది, సీసా వెంట ఉంచుకుంటే చాలు. సాన్ మార్కో కూడలిలో నేలమీద కూర్చుని తింటే జరిమానా వేస్తారు.

14.5 గది ఖాయం చేసే ముందు

ఇటలీ వెళ్లడానికి మనకు షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందు చేయాలి. 2024 జూన్ నుంచి పెద్దవారికి రుసుము 90 యూరోలు. ఎక్కడ దిగుతారో చూపే కాగితం, కనీసం 30,000 యూరోల వైద్య బీమా దరఖాస్తుతో జతచేయాలి.

ఇక్కడే చాలామంది నష్టపోతారు. రద్దు చేస్తే డబ్బు వాపసు ఇవ్వని గది కొంచెం చవకగా కనిపిస్తుంది. దాన్ని తీసుకుంటారు. వీసా రాకపోయినా, ఆలస్యంగా వచ్చినా ఆ అద్దె అంతా పోతుంది. వీసా రుసుమూ తిరిగి రాదు. కనుక వీసా చేతికి వచ్చేదాకా, రద్దు చేసుకునే వీలున్న గదినే తీసుకోండి. ఏ తేదీ దాకా ఉచితంగా రద్దు చేయవచ్చో కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇల్లుగాని, ఇంట్లో గదిగాని కొద్దిరోజులకు అద్దెకు తీసుకునేటట్లయితే ప్రకటనలో ప్రభుత్వ గుర్తింపు సంఖ్య ఉందో లేదో చూడండి. 2025 జనవరి నుంచి ఇటలీలో ఇది తప్పనిసరి. సంఖ్య లేని ఇంటికి ముందుగా డబ్బు పంపకండి.

హోటలువారిని ఈ ప్రశ్నలు అడగండి:
- దగ్గరలో ఉన్న పడవ రేవు పేరేమిటి? అక్కడి నుంచి ఎన్ని వంతెనలు దాటాలి?
- గది ఎన్నో అంతస్తులో ఉంది? లిఫ్టు ఉందా? (పాత భవనాల్లో చాలావాటికి ఉండదు.)
- స్నానాల గది గదిలోనే ఉందా, బయట నలుగురికీ కలిపి ఉందా?
- రాత్రి ఎన్ని గంటలలోపు చేరాలి? (క్రైస్తవ మఠాలు నడిపే విడిదిళ్లు శుభ్రంగా, చవకగా ఉంటాయి. కాని కొన్నిచోట్ల రాత్రి తలుపులు మూసే వేళ ఉంటుంది.)
- గది ఖాళీ చేశాక సాయంత్రం దాకా పెట్టెలు ఉంచనిస్తారా?

చిరునామా కూడా వివరంగా తీసుకోండి. వెనిస్‌లో ఇళ్ల నంబర్లు వీధివారీగా కాక పేటవారీగా ఉంటాయి, వేలల్లోకి పోతాయి. ‘కాస్తెల్లో 5000’ అంటే అది ఏ సందో చెప్పడం కష్టం. వీధి పేరు, రేవు పేరు తప్పక రాసుకోండి. దిగేటప్పుడు పాస్‌పోర్టు చూపమంటారు. బస చేసేవారి వివరాలు పోలీసులకు తెలపడం అక్కడి చట్టం, కంగారు పడనవసరం లేదు.

14.6 ఆ ఊరివారి వైపు నుంచి

1951లో పాత నగరంలో సుమారు 1,75,000 మంది ఉండేవారు. 2022లో ఆ సంఖ్య 50,000 కంటే తగ్గింది. ఇళ్లు యాత్రికుల గదులుగా మారడం, అద్దెలు పెరగడం ఇందుకు ఉన్న కారణాల్లో కొన్ని. మనం చవకగా తీసుకునే ఇల్లు ఒకప్పుడు ఒక కుటుంబం కాపురమున్న ఇల్లు కావచ్చు. వెళ్లవద్దని దీని అర్థం కాదు. అనుమతి ఉన్న చోటనే దిగడం, పన్ను సక్రమంగా కట్టడం, ఇరుకు సందుల్లో దారి వదిలి నడవడం, రాత్రివేళ గొంతు తగ్గించి మాట్లాడటం మన చేతిలో ఉన్న పనులు.

మీరు నేర్చుకున్నవి

- గది అద్దె వేరు, బస ఖర్చు వేరు. అద్దెకు ప్రయాణం, పన్ను కలిపి పోల్చాలి.
- ముందు ఏమేమి చూడాలో నిర్ణయించుకుని, ఆ తరువాత గది వెతకాలి.
- డబ్బుతోపాటు కాలాన్ని, వెంట వచ్చేవారి ఓపికను కూడా లెక్కలోకి తీసుకోవాలి.
- వీసా వచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న గదినే ఉంచుకోవాలి.

అభ్యాసం

2. కన్నరేజోలో ఒక గది రద్దుకు వీలు లేకుండా రోజుకు 95 యూరోలు, వీలుంటే 110 యూరోలు. మూడు రాత్రులకు తేడా ఎంత? వీసా ఇంకా రాలేదు. మీరు ఏది తీసుకుంటారు? ఎందుకు?

3. మీ జిల్లాలో యాత్రికులు ఎక్కువగా వచ్చే ఒక ఊరిని తీసుకోండి. ఊరి మధ్యలో ఒక గదికి, ఊరి బయట ఒక గదికి ఇదే పద్ధతిలో మొత్తం ఖర్చు లెక్కగట్టండి.

జవాబులు

1. మెస్ట్రే 258 + 50 = 308. లీడో 360. కన్నరేజో 330 + 50 = 380. ఇప్పుడు లీడో కన్నరేజో కంటే చవక అయింది. గదులు మారలేదు, మన కార్యక్రమం మారింది.

2. తేడా 45 యూరోలు. వీసా రాకపోతే మొదటి పద్ధతిలో 285 యూరోలూ పోతాయి. కనుక రద్దుకు వీలున్న గది తీసుకోవడం మంచిది. వీసా వచ్చాక చవక గది ఇంకా దొరికితే అప్పుడు మార్చుకోవచ్చు.

3. మీరే లెక్క వేసి, మీ అధ్యయన కేంద్రంలో తోటి అభ్యాసకులతో చర్చించండి.