కూరిన కోడి: కల్బా తీరపు విందు, మన వంటింటికి తెలిసిన విద్య

ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో షార్జాకు చెందిన చిన్న పట్టణము కల్బా. ఒమాన్ సరిహద్దుకు చేరువగా, సముద్రపుటొడ్డున, మడ అడవుల ప్రక్కన ఉన్నది. మన పూర్వులు కోరంగి, మద్రాసు రేవులలో ఓడలెక్కి మారిషస్, నటాల్, ఫిజీ చెరకు తోటలకు వెళ్ళిరి. మన కాలమున కరీంనగర్, నిజామాబాద్, గోదావరి, కడప ప్రాంతాల వారెందరో గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళుచున్నారు. ఆ తీరమున అతిథులకు వడ్డించే వంట ఒకటి మన పాఠకులకు పరిచయము చేయుచున్నాము.

అరబ్బులు దీనిని ‘దజాజ్ మహ్షీ’ అందురు. దజాజ్ అనగా కోడి, మహ్షీ అనగా కూరినది. పేరు కొత్తదే గాని పని కొత్తది కాదు. గుత్తివంకాయ, కాకరకాయ కూరిన చేతికి కోడిని కూరుట కష్టము కాదు. దినుసులు కూడ మనవే: బియ్యము, శనగపప్పు, ఉల్లి, పసుపు, ధనియాలు, జీలకర్ర. తోటలలో మన వారికి తూచి ఇచ్చిన బియ్యము, పప్పే ఇచ్చట కోడి కడుపులో చేరి, నలుగురికి చాలని కోడిని ఆరుగురికి చాలునట్లు చేయును.

కావలసినవి: కిలోంబావు కోడి ఒకటి, బియ్యము అర కప్పు, రెండు గంటలు నానిన శనగపప్పు పావు కప్పు, ఉల్లిపాయలు రెండు, కిస్మిస్ రెండు చెంచాలు, మిరియాలు, దాల్చినచెక్క, పైన చెప్పిన మసాలాలు, ఉప్పు, నూనె. అచ్చట ‘లూమీ’ అను ఎండబెట్టిన నిమ్మకాయ వేయుదురు. దాని గింజలు చేదు గనుక తీసివేయవలెను. అది దొరకనిచో కొద్దిగా నిమ్మరసము చాలును.

ఉల్లిని నూనెలో ఎర్రగా వేయించి, మసాలాలు, పప్పు, కిస్మిస్, లూమీ వేయవలెను. పప్పు మెత్తబడు వరకు నీళ్ళు చిలకరించుచు మగ్గించి, ముప్పాతిక ఉడికిన అన్నము కలుపవలెను. ఇది వేడిగా ఉండగానే కోడి కడుపులో వదులుగా నింపి, పురికొసతో కాళ్ళు కట్టవలెను. లోతైన గిన్నెలో కోడి ముప్పాతిక మునుగునంత నీరు పోసి, ఉప్పు వేసి, మూతపెట్టి, సన్నని సెగపై సుమారు గంటసేపు ఉడికించవలెను. తరువాత పసుపు, నూనె పూసి ఓవెన్‌లో ఎర్రగా కాల్చవచ్చును. ఓవెన్ లేని ఇంట మూకుడులో త్రిప్పుచు వేయించినను సరిపోవును. మిగిలిన రసములో అన్నము వండుకొనవలెను.

ఇందులో ఒక్క విషయము మరువరాదు. పచ్చి కోడిలో సాల్మొనెల్లా వంటి క్రిములు ఉండవచ్చును. మాంసము ఉడికినను, నడుమనున్న అన్నమునకు వేడి ఆలస్యముగా చేరును. కోడి రసము పీల్చిన ఆ అన్నము కూడ 74 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి రావలెను. గట్టిగా కుక్కరాదనుటకు, రాత్రే కూరి ఉంచరాదనుటకు కారణమిదే. సందేహమున్నచో అన్నమును బయటికి తీసి, మూకుడులో పొగలు వచ్చు వరకు బాగుగా వేడి చేయవలెను. మిగిలినది రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టవలెను.

చివరగా తల్లిదండ్రులకొక మనవి. మన ఇండ్లలో తెలుగు మాట్లాడుట తగ్గినను, వంటింట ఇంకను కొన్ని మాటలు మిగిలియున్నవి. ఈ వంటకు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పప్పు నానవేయుట, ఉల్లి తరుగుట, కోడిని కూరుట వారిచేత చేయించండి. ప్రతి పనిని తెలుగులోనే చెప్పండి. చేతితో నేర్చిన మాట త్వరగా మరువబడదు.