ప్రతినాయకుడెవరు? రావులపాలెంలో తెగని పంచాయితీ

రావులపాలెం : ఇక్కడి అరటి మార్కెట్టులో గెలల బేరం పొద్దున్నే మొదలై ఎండెక్కేసరికి తెగిపోతుంది. కర్పూరం ఎంత, చక్కెరకేళి ఎంత, బొంత ఎంత అన్నది నాలుగు మాటల్లో తేలిపోతుంది. టీ బడ్డీల దగ్గర 2024 జూన్ 27న మొదలైన బేరం ఒకటి మాత్రం ఎన్నిసార్లు పాట పెట్టినా ఖరారు కావడం లేదు. ఆ రోజు విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ చిత్రం కథను సగంలో ఆపి, మిగిలింది రెండో భాగంలో చూడమంది. ఆ రెండో భాగంలో కథానాయకుడికి ఎదురు నిలవాల్సిన దుష్టుడు ఎవరన్నదే తగవు.

కథానాయకుడి విషయంలో ఎవరికీ పేచీ లేదు. ప్రభాస్ పెదనాన్న కృష్ణంరాజుది వశిష్ఠ అవతల మొగల్తూరు. ఆ వరసన చూస్తే కుర్రవాడు ఇంటివాడే. ఇంటివాడి సత్తా అందరికీ తెలుసు. ఎదుటివాడి సత్తా ఏపాటిదన్నదే తేలాలి. మన పుంజు ఎంత మేలుజాతిదైనా, అవతలి పుంజు బరిలోకి దిగగానే తోక ముడిస్తే చూసేవాడికి ఏం సరదా అన్నది గోదావరి జిల్లాలవారికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

బొమ్మ చూడనివారి కోసం కథ క్లుప్తంగా. కురుక్షేత్రం జరిగిన వేల ఏళ్ళ తర్వాత లోకమంతా బీడువారి, గంగ ఎండిపోయి, జనం కాశీలో తలదాచుకుని బతుకుతుంటారు. ఆకాశంలో తలకిందుల పిరమిడ్‌లా వేలాడే ‘కాంప్లెక్స్’లో మాత్రం చెట్టూ చేమా నీళ్ళూ అన్నీ ఉంటాయి. అక్కడ సుప్రీం యాస్కిన్ అనే ముసలివాడు రాజ్యం చేస్తుంటాడు. ఆ వేషం కమల్ హాసన్‌ది. గర్భవతుల నుంచి తీసిన సారంతో ఆయుష్షు పోసుకోవాలని అతని ఎత్తు. కల్కిని కనబోయే సుమతిని కాపాడేందుకు అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ బయలుదేరతాడు. డబ్బు కోసం ఆమెను పట్టుకోబోయిన భైరవుడు, అంటే ప్రభాస్, పూర్వజన్మలో కర్ణుడని చివర్లో తేలుతుంది. చుక్క సారం ఒంట్లో పడగానే యాస్కిన్‌కు జవసత్వాలు వచ్చి గాండీవం చేతపడతాడు. అక్కడ తెర పడింది. రావులపాలెంలో తగవు లేచింది.

మూడు పక్షాలు

మొదటి పక్షం యాస్కిన్‌ది. తొలి భాగమంతా కుర్చీకి అతుక్కుపోయి కూర్చున్నవాడు చివర్లో లేచి నిలబడ్డాడంటే, అసలు ఆట ఇప్పుడే మొదలైందని వీరి వాదన. కమల్ హాసన్ అంతటి నటుణ్ణి తెచ్చి, ఉన్న కాసేపూ ముసుగు వెనక దాచి, రెండో భాగంలోనూ వాడుకోకపోతే అది నిర్మాతకే నష్టమంటారు. అర్జునుడి విల్లు దుర్మార్గుడి చేతిలో, కర్ణుడి విల్లు మనవాడి చేతిలో. ఇంతకంటే మంచి జోడీ ఏముంటుందని అడుగుతారు. ఈ పక్షంలో కాలేజీ కుర్రాళ్ళు ఎక్కువ.

రెండో పక్షం పురాణం చెబుతుంది. కల్కి అవతరించేది యాస్కిన్ కోసం కాదు, కలి కోసం అన్నది వీరి పట్టు. నలమహారాజును పట్టి అడవుల పాలు చేసిన ఆ కలే. జూదం, మద్యం, వ్యభిచారం, హింస, చివరికి బంగారం కూడా కలికి నివాసాలుగా ఇచ్చినవాడు పరీక్షిత్తు. భాగవతంలో ఉన్న సంగతే ఇది. కల్కి పురాణంలో కలికి తోడుగా కోకుడు, వికోకుడు అని ఇద్దరు కవలలు కూడా ఉన్నారు. అంత సరుకు ఇంట్లో పెట్టుకుని కొత్తగా విలన్‌ను కల్పించడమెందుకని వీరి ప్రశ్న. యాస్కిన్ కలికి గుమాస్తా మాత్రమేనని, రెండో భాగంలో యజమాని దిగుతాడని వీరు ఢంకా బజాయిస్తున్నారు.

“కలి కనపడడు కదా తాతగారూ, తెర మీద ఎలా చూపిస్తారండీ?” అంటే పెద్దలు ఊరుకోరు. “కనపడకపోవడమేరా అబ్బాయ్ వాడి బలం. నలుడికి కనపడ్డాడా? ఇప్పుడు నీకు కనపడుతున్నాడా?” అని ఎదురు ప్రశ్న వేస్తారు. కుర్రవాడు చేతిలో ఫోను జేబులో పెట్టేసుకోవడం కద్దు.

మూడో పక్షం చిన్నది, కానీ గట్టిది. బయటి విలన్ ఎవడూ అక్కర్లేదు, భైరవుడే చాలునంటుంది. అతనిలో కర్ణుడున్నాడు. కర్ణుడు దుర్యోధనుడి ఉప్పు తిన్నవాడు. కాంప్లెక్స్‌లో చోటు కోసం తొలి భాగమంతా ఏ పనికైనా ఒడిగట్టినవాడు. యాస్కిన్ పిలిచి అంగరాజ్యం వంటిదేదో చేతిలో పెడితే కాదంటాడా? అశ్వత్థామ తన పాత స్నేహితుడి మీదే బాణం ఎత్తాల్సి వస్తే చూసేవారి గుండె నిలుస్తుందా? ఈ మాట వినగానే అభిమానులు కస్సుమంటారు. మా హీరోను విలన్‌ను చేస్తారా అని బెంచీలు వదిలి లేస్తారు.

నిజానికి అంత ఉలికిపాటు అక్కర్లేదు. కృష్ణంరాజు 1966లో ‘చిలకా గోరింక’తో హీరోగా వచ్చినా, ఆ తర్వాత దుష్టపాత్రలు వేసి, వాటితో పేరు తెచ్చుకుని, మళ్ళీ హీరో అయ్యారు. మొగల్తూరులోనే పుట్టిన చిరంజీవి 1979లో ‘ఇది కథ కాదు’లో భార్యను హింసించే భర్తగా వేశారు. ఆ బొమ్మలో బొమ్మను మాట్లాడించే మంచివాడి వేషం ఎవరిదో తెలుసా? కమల్ హాసన్‌ది. అప్పటి మంచివాడు 45 ఏళ్ళ తర్వాత యాస్కిన్ అయ్యాడు. వేషాలు అలా చేతులు మారడం చిత్రసీమలో కొత్త కాదు.

2025 సెప్టెంబరులో సుమతి వేషం వేసిన దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండరని నిర్మాణ సంస్థ వైజయంతీ మూవీస్ ప్రకటించాక తగవు మరో మలుపు తిరిగింది. తల్లి పాత్రధారే లేకపోతే ఇక కథ ఎవరి చుట్టూ తిరగాలి, విలన్ చుట్టూనే కదా అని యాస్కిన్ పక్షం బలం పుంజుకుంది.

నీళ్ళు పట్టుకున్నవాడు

అరటి రైతుల వైపు నుంచి వినవచ్చే మాట వేరు. వారికి యాస్కిన్ చేతిలోని గాండీవం కంటే, కాంప్లెక్స్‌లో ఆగిపోయిన నీళ్ళే ఎక్కువగా గుర్తున్నాయి. కింద గంగ ఎండింది, పైన చెరువులు నిండాయి. ఈ ముక్క అర్థం కావడానికి రావులపాలెంలో ఎవరికీ వ్యాఖ్యానం అవసరం లేదు. గౌతమికీ వశిష్ఠకూ నడుమనున్న ఈ మధ్య డెల్టాకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టే ప్రాణం. నది తక్కువ పారిన ఏళ్ళలో రబీకి కాలువల్లో వంతులవారీగా నీరు వదిలితే, శివారు ఆయకట్టు రైతు రాత్రి లాంతరు పట్టుకుని గట్టు మీద కూర్చున్న రోజులున్నాయి. అటువంటివారికి విలన్ అంటే కోరలవాడు కాదు. పైన కూర్చుని నీళ్ళు ఆపినవాడు. కలి వచ్చినా, కోకుడు వచ్చినా, ఆ నీళ్ళు కిందికి దిగే దృశ్యం మాత్రం రెండో భాగంలో ఉండి తీరాలన్నది వీరి కోరిక. అభిమాన సంఘాలకు ఇంతవరకు తట్టని మాట ఇది.

హనుమంతుడికి ఎదురెవరు?

కాగా ఇదే బెంచీల మీద మరో తగవు కూడా నడుస్తోంది. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’లో తేజ సజ్జా వేసిన హనుమంతు అనే పల్లెటూరి కుర్రవాడికి మణి దొరికి బలం వస్తుంది. విలన్ మైఖేల్ చిన్నప్పటి నుంచీ తానే సూపర్‌హీరో కావాలని కలలు కన్న పిచ్చివాడు. రెండో భాగం ‘జై హనుమాన్’లో సాక్షాత్తు హనుమంతుడే దిగుతాడని దర్శకుడు ప్రశాంత్ వర్మ చెప్పారు. ఆ వేషం కన్నడ నటుడు రిషబ్ శెట్టిదని 2024 అక్టోబరులో ప్రకటించారు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. కుర్రవాడికైతే మైఖేల్ సరిపోయాడు. లంకను కాల్చినవాడికి ఎదురు ఎవరు?

రావణుణ్ణి మళ్ళీ తేలేరు. అందుకని పెద్దలు మైరావణుణ్ణి సూచిస్తున్నారు. రామలక్ష్మణులను నిద్రలో ఎత్తుకుపోయి పాతాళంలో బలివ్వబోయిన మాయావి అతడు. హరికథలు విన్న తరానికి ఆ కథ కంఠతా వచ్చు. సంజీవని తెచ్చే దారిలో సన్యాసి వేషం వేసి అడ్డుపడిన కాలనేమి పేరూ వినపడుతోంది. కుర్రకారులో సగంమందికి ఈ రెండు పేర్లూ కొత్త. “ఎవరు బాబాయ్ ఈ మైరావణుడు?” అని అడగడం, చెప్పేవారు కథ ఎత్తుకోవడం, చుట్టూ పదిమంది మూగడం జరుగుతోంది. సినిమా ఎలా ఉన్నా ఈ లాభం ముందే దక్కింది.

గోదావరి నీళ్ళు తాగిన దుష్టులు

ఈ తగవులో పాతవారు మరొక గొడవ పెడుతున్నారు. విలన్ ఎవరన్నది తర్వాతి మాట, ఆ వేషం వేసేవాడు తెలుగు మాట్లాడగలవాడేనా అన్నది ముందు చూడమంటున్నారు. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు.

1951లో ‘పాతాళ భైరవి’ వచ్చినప్పుడు తోటవాడి కొడుకుగా ఎన్టీ రామారావు అంతవాడున్నా, ఊళ్ళలో పిల్లలు అనుకరించింది ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుణ్ణి. 1963 నాటి ‘నర్తనశాల’లో ఆయన వేసింది కీచకుడు. ఆ పాత్రకే జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. హీరోకు కాదు, కీచకుడికి! రంగారావు పుట్టింది నూజివీడులోనైనా, నాటకాల్లో రాటుదేలింది కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బులో.

ఆ తర్వాత రావు గోపాలరావు. కాకినాడ దగ్గర గంగనపల్లి ఆయన ఊరు. ఆయనా నాటకాల నుంచి వచ్చినవారే. 1975లో ‘ముత్యాల ముగ్గు’లో కాంట్రాక్టరు వేషం వేశారు. దర్శకుడు బాపుది నరసాపురం, మాటలు రాసిన ముళ్ళపూడి వెంకటరమణది ధవళేశ్వరం. ముగ్గురూ గోదారివాళ్ళే. ఆ కాంట్రాక్టరు కేకలు వేయడు, కత్తి తిప్పడు. సూర్యోదయం చూసి మురిసిపోతూ, మర్యాద తప్పకుండా కొంపలు కూలుస్తాడు. అటువంటి మనిషిని మన ఊళ్ళోనే ఎక్కడో చూశామే అనిపించడమే ఆ పాత్ర గొప్ప. 1979లో ‘వేటగాడు’కు నరసాపురంలోనే పుట్టిన జంధ్యాల రాసిన ప్రాస మాటలను కూడా ఆయన అలాగే జనం నోళ్ళలో నాటారు.

మన దేశీ సూపర్‌హీరోల చరిత్ర చూసినా ఇదే తేలుతుంది. 1980లో ఎన్టీ రామారావుతో ‘సూపర్‌మ్యాన్’ తీశారు. అందులో ఆయన దుస్తులు గుర్తున్నవారున్నారు గానీ, విలన్లు ఎవరంటే తడుముకుంటారు. 1990లో వచ్చిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో మాంత్రికుడు మహాద్రష్టగా అమ్రిష్ పురి అంటే మాత్రం వెంటనే గుర్తుపడతారు. ఆయన రూపం ఘనమే, గొంతు మాత్రం అరువుది. అరువు గొంతు తప్పేమీ కాదు. పాలకొల్లుకు చెందిన కోడి రామకృష్ణ 2009లో తీసిన ‘అరుంధతి’లో సోనూ సూద్‌కు గొంతు ఇచ్చిన రవిశంకర్‌కు, ఆ పాత్ర నోట పలికిన బొమ్మాళి అన్న పిలుపే ఇంటిపేరై కూర్చుంది. విలన్ ప్రాణం నాలుక మీద ఉందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

కానీ అటువంటి నాలుకలు తయారయ్యే చోటు ఏదన్నదే పెద్దల బెంగ. జాతరలకు, తిరునాళ్ళకు రాత్రంతా పద్యనాటకం ఆడించిన రోజుల్లో దుర్యోధనుడి వేషధారికి కృష్ణుడితో సమానంగా చప్పట్లు పడేవి. రాగం ఆగితే ఒన్స్ మోర్ అనేవారు. కొన్ని ఊళ్ళలో నాటకాలు ఇప్పటికీ ఆడుతున్నా, రికార్డింగ్ డాన్సులు వచ్చాక ఆ జోరు తగ్గింది. ఆ బరి పలచబడితే రేపటి యాస్కిన్‌ను, కలిని బయటి నుంచి తెచ్చుకోక తప్పదు. “ఆయ్, మన కలి కూడా మనలాగే మాట్లాడాలండీ” అని ఒక పెద్దాయన తేల్చారు. నవ్వారు గానీ, ఎవరూ కాదనలేదు.

యాస్కిన్ పక్షం, కలి పక్షం ఒక్క విషయంలో రాజీకి వచ్చే సూచనలున్నాయి. సగం వరకు యాస్కిన్, ఆ పైన కలి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో దాచుకున్నట్టు, యాస్కిన్ ప్రాణం కూడా ఎక్కడో దాగి ఉండాలని, అది తెగ్గానే కలి బయటికి రావాలని ఒక కుర్రవాడు చెప్పిన కథకు రెండు వైపులా తలలు ఊగాయి. భైరవుడి పక్షం మాత్రం మెత్తబడలేదు.

ఇంతలో లారీ హారన్ కొట్టింది. గెలలు ఎక్కించేవారు లేచి వెళ్ళారు. టీ బడ్డీ ఆయన ఇంతవరకు ఏ పక్షానికీ ఓటు వేయలేదు. తగవు తేలిపోతే గ్లాసులు తగ్గుతాయని ఆయన లెక్క.